అరవై ఒక్క నీటికుక్కలు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టినవాళ్ళు తలలు దించుకుని తిరుగుతున్న రోజుల్లో, అంచుల వెంట చిల్లులున్న పొడుగాటి కాగితం మీద టర్రుమంటూ అచ్చయి వచ్చినదల్లా నిజమేనని నాకు గట్టి నమ్మకం. చేత్తో రాసింది ఎవరైనా కాదనవచ్చు గానీ, కంప్యూటరు చెప్పాక ఇంక మాట్లాడేదేముంటుంది? నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. పుస్తకంలో లేనిది లోకంలో కూడా ఉండదని అనుకునే వయసు. (ఉన్నా అది పుస్తకం రాసినవాళ్ళకి తెలియకుండా ఉండడం దాని తప్పే అనుకునేదాన్ని.) అలాంటి నన్ను హైదరాబాదులో ఉన్న ఒక పెద్ద సంస్థవారు పిలిచి, 'స్థానిక భాగస్వామ్య సమన్వయకర్త' అని నోరు తిరగని హోదా ఇచ్చి, అమలాపురంలో ఒక కొబ్బరికొట్టు మేడమీద గదీ, రెండు కుర్చీలూ, ఒక బీరువా అప్పజెప్పారు. బీరువా తాళం పడేది కాదు. నేను మాత్రం రోజూ సాయంత్రం తాళం వేసినట్టు తిప్పి, చెవి హ్యాండుబ్యాగులో వేసుకుని దర్జాగా మెట్లు దిగేదాన్ని.

పని ఏమిటంటే, రాజోలు వైపు పోయే ఒక కాలువ వెంట ఉన్న ఏడు ఊళ్ళవాళ్ళని ఒక జట్టుగా కూర్చి, ఆ గట్ల మీద ఏ చెట్లున్నాయి, ఏ చెట్టుకి ఎన్ని గూళ్ళున్నాయి, ఏ వంతెన కింద తాబేళ్ళున్నాయి, ఏ మలుపులో నీటికుక్కలు తిరుగుతున్నాయి, ఇవన్నీ ఊరివాళ్ళ చేతే లెక్క పెట్టించి చిట్టా కట్టడం. ఆ చిట్టాకి పైవాళ్ళు పెట్టిన పేరు 'ప్రకృతి పెట్టుబడి'. ఈ ఉద్యోగం గురించి మొదట చెప్పినప్పుడు మా నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, "గూళ్ళు లెక్కపెట్టడం ఉద్యోగవేఁవిటే? కాకులకేవఁన్నా రేషన్ కార్డులిస్తున్నారా?" అన్నారు. కొత్తపేటలో ముందు తాలూకాఫీసు, తరవాత మండలాఫీసు గుమాస్తాగా ముప్ఫై అయిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. ఆయన దృష్టిలో ఆడపిల్లకి ఉద్యోగమంటే టీచరు ఉద్యోగమే. అందుకని బి.ఎడ్. దరఖాస్తు తెచ్చి, అన్ని గడులూ తన గుండ్రటి చేతిరాతతో నింపి, నా సంతకం ఒక్కటే మిగిల్చి, రేడియో కింద పెట్టారు. "ఈసారి ఫారాలకి గడువు అయ్యేలోపు నీ గూళ్ళ లెక్క నిలబడిందా, నీ ఇష్టం. లేకపోతే నోరెత్తకుండా సంతకం పెట్టాలి" అన్నారు. నేను వీరావేశంతో సరేనన్నాను. ఆ తరవాత రేడియోలో ఏ పాట వస్తున్నా నాకు కింద ఉన్న కాగితమే గుర్తొచ్చేది.

మొదటి సమావేశంలో 'భాగస్వామ్యం' అన్న మాట విని ఒక రైతుగారు లేచి, "భాగం అంటున్నారు గదండీ, మరి సగపాలాండీ, మూడోపాలాండీ?" అని అడిగారు. గంటసేపు వివరించాను. అందరూ "ఆయ్" అన్నారు. (మా వైపు 'ఆయ్' అంటే ఒప్పుకున్నామని ఒక అర్థం, వింటున్నామని ఒక అర్థం, ఇంక ఆపితే భోజనాలకి లేస్తామని ఒక అర్థం.) తరవాత కాలువ గట్టున ఒక తాడిచెట్టు చూపించి, దానికి వేలాడుతున్న గిజిగాడి గూళ్ళు లెక్కపెట్టమన్నాను. గాలికి గూళ్ళూ కదులుతాయి, మట్టలూ కదులుతాయి. ఒకరు నాలుగన్నారు, ఒకరు పందొమ్మిదన్నారు. జట్టులోకి వచ్చిన ఒక కాలేజీ లెక్చరరుగారు సుమారుగా అని తప్పించుకున్నారు. ఈలోగా వెనకాల, నేను గొడుగుతో కుస్తీ పడుతున్న సమయంలో, ఒక ముసలాయన పెదాలు కదుపుతూ, చూపుడువేలితో గాల్లో ఏదో తోడిపోస్తున్నట్టు చేసి, "తొమ్మిదండీ" అన్నారు. కాయలు దింపే మనిషిని చెట్టెక్కించి చూపిస్తే సరిగ్గా తొమ్మిది. ఆయన్ని ఊళ్ళో అందరూ కుంచం తాతగారనేవారు. కాటాలు రాకముందు ఆ చుట్టుపక్కల కళ్ళాల్లో ధాన్యమంతా ఆయన చేతి కుంచంతోనే కొలిచేవారట. రాశి ఎంత పెద్దదైనా లెక్క తప్పిన పాపాన పోలేదట. అక్కడికక్కడే ఆయన్ని మా భాగస్వామ్యానికి ప్రధాన గణకుణ్ణి చేసేశాను. ఆయన బిడియపడి, "నాకు కుంచం తప్ప ఏం తెలీదండీ అమ్మాయిగారూ" అన్నారు. నేను పెద్ద తెలిసినదానిలా, "కుంచం అక్కర్లేదు తాతగారూ, కళ్ళు చాలు" అన్నాను.

రాయడానికి దొరికినావిడ టీచరమ్మగారు. రాజోలు దగ్గర మిషన్ బళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయారు. తెల్లచీర, చంకలో గొడుగు, చేతిసంచిలో ఒక నీలం పెన్నూ ఒక ఎర్ర పెన్నూ. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు కాలువ గట్టుకి అని మాటిచ్చి, నా ఎదురుగా నోట్‌బుక్కు తెరిచి విద్యార్థినిలా కూర్చున్నారు. అమ్మమ్మ వయసున్న ఆవిడకి నేను పాఠం చెప్పాను. "చెప్పింది చెప్పినట్టు రాయాలండీ. తాతగారి నోట ఏది వస్తే అదే కాగితం మీదికి రావాలి. మధ్యలో మన సొంత తెలివి ఉపయోగించకూడదు." ఆవిడ ఆ మాట రాసుకుని, కింద ఎర్రగీత కూడా కొట్టుకున్నారు. ఆ తరవాత రెండు నెలలు తాతగారు చెప్పడం, టీచరమ్మగారు రాయడం. నేను మాత్రం ఒక్కరోజు కూడా వాళ్ళ వెంట గట్టెక్కలేదు. నేను మేనేజరుని కదా! మేనేజర్లు గదిలో కూర్చుని ఫారాలు తయారుచేస్తారు. ఆ ఫారాల్లో సంఖ్య రాసే గడి ఎంత వెడల్పు ఉండాలా అని నేను పడిన తపన, ఆ గడిలోకి ఏమి వస్తోందో చూడ్డంలో పడి ఉంటే ఈ కథే లేదు.

ఫారాలన్నీ కట్టలు కట్టి తెచ్చారు. వాటిని బస్టాండు దగ్గర డీటీపీ కొట్టు నడిపే ఒకావిడకిచ్చాను. ఆవిణ్ణి అందరం డీటీపీ అక్క అనేవాళ్ళం. ఆవిడకీ నా ఉపన్యాసం తప్పలేదు. "అక్కా, సంఖ్య అన్న గడిలో అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు" అన్నాను. "ఆయ్" అంది. పది రోజుల్లో చిల్లుల కాగితాల దిండు ఒకటి వచ్చింది. క్యారేజీ చల్లారిపోతోందన్న కంగారులో పేజీ పేజీకీ అడుగున 'తనిఖీ చేయడమైనది' అని సంతకాలు గిలికి, ఫ్లాపీతో సహా హైదరాబాదు పంపించేసి, ఆ పూట గోంగూర పప్పు రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

వారం తిరక్కుండా కింద కొబ్బరికొట్టులో ఫోను మోగింది. (మేడమీదకి ఫోను ఇవ్వలేదు. నాకొచ్చిన ప్రతి కబురూ ముందు కొబ్బరికొట్టాయనకి తెలిసేది.) అవతల మా పైఅధికారి. ఏ సంగతైనా దశాంశంతో సహా చెప్తారు గనక ఆయన్ని మేం వెనకాల డెసిమల్ సారు అనుకునేవాళ్ళం. నవ్వగా ఎవరూ చూడలేదు. మెచ్చుకున్నా తిట్టినా ఒకటే మాట, "హు".

"అమ్మా, మీ జిల్లాలో ఏడు అనే అంకె ఉందా?" అన్నారు.

"ఉందండీ" అన్నాను, ఎందుకైనా మంచిదని.

"మీరు పంపిన దాంట్లో లేదు. రెండుసార్లు వెతికించాను. ఆరు ఉంది, ఎనిమిది ఉంది, ఏడు లేదు. దానికి బదులు అరవై ఒకటి ఉంది. ఏ పేజీ తీసినా అరవై ఒకటే. వంతెన కింద తాబేళ్ళు అరవై ఒకటి. చింతచెట్టు మీద కొంగ గూళ్ళు అరవై ఒకటి. ఒకే ఒక్క మలుపులో నీటికుక్కలు అరవై ఒకటి పాయింట్ సున్నా సున్నా. అక్కడేమైనా పెంచుతున్నారా?"

ఆయన ఆపలేదు. "ఇంకొకటి. చాలా చోట్ల సంఖ్య గడి ఖాళీ. పక్కన రిమార్కుల్లో 'లాభం' అని ఉంది. ప్రకృతి పెట్టుబడి ఎంత అని అడిగితే లాభం అంటారేమిటి? ఎవరికి లాభం? చూడమ్మా, మనుషులు అంకెలు కల్పించి రాసేటప్పుడు ఒక అంకె మర్చిపోతారు, ఇంకొకటి పట్టుకుని వదలరు. ఇది ఇంట్లో కూర్చుని రాసిన లెక్క. శుక్రవారం నేనే వస్తున్నాను. అక్కడ తేలకపోతే మీ భాగస్వామ్యం అక్కడితో రద్దు. మీరూ వేరే ఉద్యోగం చూసుకోవచ్చు." ఫోను పెట్టేశారు. పీచు ఒలుస్తున్న కొబ్బరికొట్టాయన చెయ్యి ఆపి, జాలిగా నావైపు చూసి, "అరవయ్యొక్క నీటికుక్కలే ఉంటే కాలవలో చేపెక్కడ మిగుల్తుందండీ?" అన్నారు. ఆ ముక్క నాకు తట్టనందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

డీటీపీ అక్క దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ శాంతంగా ఫారాల కట్ట విప్పి చూపించింది. టీచరమ్మగారి ముత్యాల్లాంటి అక్షరాలు. సంఖ్య గడిలో నీలం సిరాతో 6, ఎర్ర సిరాతో ప్లస్సు, మళ్ళీ నీలం సిరాతో 1. "ఈ ప్లస్సుకి కంప్యూటరు కుయ్యోమంటోందండి, తీసుకోట్లేదు. అంకెలే ఉండాలని మీరే అన్నారు గదా, ప్లస్సు తీసేసేను. లాభవఁన్నది అంకె కాదు గదండీ, పక్క గడిలోకి నెట్టేను" అంది. పోనీ టీచరమ్మగారిని అడుగుదామంటే ఆవిడ బంధువులింట్లో బాప్తిస్మానికి నరసాపురం వెళ్ళారు, గురువారానికి గాని రారు. ఇంక నా ఎమ్మెస్సీ బుర్రకి పదును పెట్టాను. ఆరు ప్లస్ ఒకటి అంటే ఆరు పెద్దవి, ఒకటి పిల్ల! గూళ్ళైతే ఆరు పూర్తయినవి, ఒకటి సగం కట్టినది! ఈ సిద్ధాంతాన్ని సమర్థిస్తూ మూడు పేజీలు రాశాను కూడా. లాభం సంగతి మాత్రం ఎంతకీ తేలలేదు.

ఆ సాయంత్రం బస్సులో కొత్తపేట వెళ్ళి, కాగితాల దిండు అరుగు మీద పడేసి, నాన్నగారికి జరిగింది చెప్పాను. ఆయన మొహంలో గెలుపు కనిపించింది, అబద్ధమెందుకు? బి.ఎడ్. గడువు శనివారం. ఎంత ఘోరమైన లెక్కో చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని, ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక పేజీ తిప్పారు. రెండో పేజీ తిప్పారు. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. నవ్వు! కళ్ళజోడు జారి ఒళ్ళో పడేంత నవ్వు.

"ఎవరే ఈ లెక్క చెప్పినాయన? ఓసి పిచ్చిమొహవాఁ, కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరే. ఒకటి అంటే అక్కడితో ఆగిపోతుందని, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. అలా ఆరు దాకా వెళ్ళాక ఏడు అనరు. ఏడు అంటే ఏడుపు గదా! ఆరున్నొకటి అంటారు. ఆ తరవాత ఎనిమిది. చిన్నప్పుడు మా తాతగారి కళ్ళంలో ఆ పాట వింటూ గడ్డిమేటు మీద నిద్రపోయేవాణ్ణి" అన్నారు. అంటూ అంటూ తన వాదనని తనే పడగొట్టుకున్నానని గ్రహించినట్టున్నారు, నవ్వు ఆపి, "అయినా బి.ఎడ్. మంచిదే" అన్నారు నీరసంగా. కోనసీమలో పుట్టి పెరిగి, ఎప్పుడూ బస్తాల్లో బియ్యం కొనుక్కుని తిన్న నాకు ఈ సంగతి తెలియలేదు. మూడు పేజీల పిల్లల సిద్ధాంతాన్ని నెమ్మదిగా చింపేశాను.

గురువారం ఇద్దరు పెద్దవాళ్ళనీ కలిసి విషయం చెప్పాను. టీచరమ్మగారి మొహం వాడిపోయింది. "నలభై ఏళ్ళలో ఒక్క దొంగ మార్కు వెయ్యలేదమ్మా నేను" అన్నారు. తాతగారు భుజం మీది తువ్వాలు తీసి మడత పెడుతూ, "మన లెక్క అబద్ధవఁన్నారాండీ?" అని మాత్రం అడిగారు. ఆ అడగడం చూసి నాకు డెసిమల్ సారు మీద, నామీద, గదిలో ఉన్న కుర్చీల మీద కూడా కోపం వచ్చింది. నేనే గనక ఒక్క పేజీ చదివి సంతకం పెట్టి ఉంటే ఆయన ఆ మాట పడాల్సిన అవసరం లేదు. "ఏం పర్వాలేదు తాతగారూ. రేపు సారు ముందు మామూలుగా లెక్కపెట్టండి. ఆయనే వింటారు. అంతే" అన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకుని "ఆయ్" అన్నారు. ఆ 'మామూలుగా' అన్న మాట ఎంత పని చేసిందో ఇప్పుడు చెప్తాను.

శుక్రవారం పొద్దున్నే డెసిమల్ సారు జీపు దిగారు. బక్కపల్చటి మనిషి, నల్లబూట్లు, జేబులో నాలుగు పెన్నులు. మా నాన్నగారు కూడా వచ్చారు. ఎవరూ పిలవలేదు, "ఊరికే, కాలవగాలికి" అన్నారు. రోజూ తువ్వాలుతో ఉండే తాతగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి రోజుది కాక ఇంకో తాడిచెట్టు చూపించి, లెక్కపెట్టండి తాతగారూ అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు. టీచరమ్మగారి వైపు ఒకసారి చూశారు. ఆవిడ తల ఊపారు.

"వన్" అన్నారు తాతగారు, గట్టు అదిరేలా. "టూ. త్రీ. ఫోర్. ఫైవ్. సిక్స్. సెవెన్. ఎయిట్!"

కాలువలో పడబోయి టీచరమ్మగారి గొడుగు పట్టుకుని ఆగాను. నేను మామూలుగా అన్నది రోజూ ఎలా చేస్తారో అలాగని. వాళ్ళు విన్నది లోకంలో అందరూ మామూలుగా ఎలా చేస్తారో అలాగని. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారంటే మోటుగా లెక్కపెడితే మర్యాదేం ఉంటుంది? గురువారం సాయంత్రమంతా టీచరమ్మగారు ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు అంకెలు వల్లె వేయించారట. "సెవెన్ బాగా పలుకుతున్నారే" అన్నారు డెసిమల్ సారు. నేను గబగబా కళ్ళం సంగతి, ఆరున్నొకటి సంగతి చెప్పబోయాను. ఆయన ఫారం తీసి పైకెత్తి పట్టుకుని, "అంకెలు నీలం, ప్లస్సులు ఎరుపు. ఈ ప్లస్సులు ఎప్పుడు పెట్టారు? నేను ఫోను చేశాకా?" అన్నారు.

"గుర్తులన్నీ ఎరుపుతోనే పెడతానండీ. బళ్ళో అలవాటు" అన్నారు టీచరమ్మగారు, సంచిలోంచి ఎర్రపెన్ను తీసి చూపిస్తూ.

"సార్, మా వైపు అలాగే అంటారండీ. నేను స్వయంగా విన్నానండీ" అని ముందుకొచ్చారు నాన్నగారు.

"మీరెవరు?"

"అమ్మాయి నాన్ననండీ."

"హు" అన్నారు సారు. దాంతో మా సాక్షి వెనక్కి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. సారు గడియారం చూసుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. రేడియో కింద కాగితం నా కళ్ళముందు అచ్చంగా కనిపించింది, పేరూ, పుట్టిన తేదీ, కింద ఖాళీగా సంతకం గీత.

మా వైపు ఎంత కొంప మునుగుతున్నా వచ్చినవాళ్ళని ఉత్తి గొంతుతో పంపడం ఉండదు. గట్టు పక్క కొబ్బరితోట రైతుగారు అప్పటికే గెల దింపించి, బొండాలు చెక్కి వరసగా పెట్టారు. ఎవరికైనా అందకపోతే అప్రతిష్ఠ గనక పంచే పని పెద్దవాడని తాతగారికిచ్చారు. ఆయన మొదటి బొండం రెండు చేతులతో ఎత్తి సారు చేతిలో పెడుతూ, అలవాటుగా, పాడుతున్నట్టు, "లాభం" అన్నారు. జీపు డ్రైవరుకిచ్చి "రెండు" అన్నారు. టీచరమ్మగారికి "మూడు". మా నాన్నగారికి "నాలుగు". నాకు "అయిదు". రైతుగారికి "ఆరు". చివరి బొండం తను తీసుకుని, చుట్టూ ఒకసారి చూసి, అందరికీ అందిందన్న తృప్తితో, "ఆరున్నొకటి" అన్నారు.

సారు చేతిలో బొండం వంగి సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. "ఏమన్నారు?"

"ఏవఁన్లేదండీ, తాగండి."

"మొదట ఏమన్నారు?"

"లాభవఁన్నానండి. మొదటిది గదండీ, మరేవఁంటాం?"

"చివర?"

"ఆరున్నొకటండి."

"అంటే ఎంత?"

"అంటే ఆరండీ. మీదొకటండీ."

"అంటే ఏడేగా?"

తాతగారు ఇబ్బందిగా కదిలారు. "తవఁరంటే అనండి గాని, చేత్తో వస్తువు పట్టుకుని నేననండి."

"మరి ఇందాక సెవెన్ అన్నారు కదా?"

"ఇంగ్లీషులో ఏడుపు లేదు గదండీ!" అన్నారు తాతగారు, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా తెలియదా అన్న ఆశ్చర్యంతో.

సారు బొండం కింద పెట్టారు. ఫారాల కట్ట లాక్కుని, అరవై ఒకటి అని అచ్చయిన తాడిచెట్టు ఎక్కడుందో చూపించమన్నారు. నాలుగు చెట్ల అవతల ఉంది. దాని కింద నిలబడి, మెడ వెనక్కి వాల్చి, పెన్నుతో చూపిస్తూ తనే లెక్కపెట్టారు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. "ఏడు" అన్నారు, పెద్ద గొంతుతో. "ఏడే. సరిగ్గా ఏడు!" ఆ మాట వినగానే ఇన్నిరోజులు బిగపట్టుకున్నదంతా ఒక్కసారి వదులై, నేను గట్టు మీద చతికిలపడి బావురుమన్నాను. పక్కనే ఉన్న తాతగారు నన్ను చూపిస్తూ సారుతో, "చూసేరాండీ? ఇందుకేనండి అనకూడదంటాను" అన్నారు.

డెసిమల్ సారు నవ్వారు. నేను కళ్ళు తుడుచుకుంటూ కూడా చూశాను, నిజంగా నవ్వారు. తరవాత నీటికుక్కల మలుపు దగ్గరికి నడిచి, చాలాసేపు కదలకుండా నిలబడ్డాం. ఏడు కాదు కదా, ఒక్కటీ రాదేమో అనుకుంటుండగా అవతలి ఒడ్డు దగ్గర నీళ్ళు చీల్చుకుంటూ ఒక గుండ్రటి తల పైకి లేచింది. నోట్లో చేప మెరుస్తోంది. తాతగారు నోరు తెరవబోయేలోపు, నా పక్కనుంచి ఎవరో మెల్లిగా, "లాభం" అన్నారు. తిరిగి చూస్తే డెసిమల్ సారు. ఆ క్షణంలో నా ఉద్యోగం, ఏడు ఊళ్ళ జట్టు, ఇద్దరు పెద్దవాళ్ళ పరువు అన్నీ ఒడ్డున పడ్డాయని నాకు తెలిసిపోయింది.

వెళ్ళేముందు జీపు బానెట్ మీద పెట్టి సారు తనిఖీ నివేదిక రాశారు. 'లెక్క నిజమైనది. లెక్కించిన పద్ధతి కళ్ళానిది. అరవై ఒకటిని ఏడుగాను, లాభమును ఒకటిగాను చదువుకొనవలెను.' కింద సంతకం పెట్టి, కాగితాల దిండు తిరగేసి, "ఈ తనిఖీ చేయడమైనది అన్న సంతకం ఎవరిది?" అన్నారు. "నాదేనండీ" అన్నాను. "హు" అన్నారు. ఆ ఒక్క హు-కి నేను ఆ తరవాత సంవత్సరమంతా ప్రతి పేజీ చదివి, ప్రతి గట్టూ ఎక్కాను. టీచరమ్మగారు మాత్రం సారు దగ్గర ఆ నివేదిక తీసుకుని ఆసాంతం చదివి, ఎర్రపెన్నుతో ఒక కామా పెట్టి తిరిగిచ్చారు.

తిరుగు బస్సులో నాన్నగారు కిటికీ పక్కన కూర్చున్నారు. అద్దం టకటకమని ఒకటే చప్పుడు. కాసేపు ఓర్చుకుని, లాల్చీ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశారు. చూస్తే బి.ఎడ్. దరఖాస్తు! గట్టు మీదే నాచేత సంతకం పెట్టించి, అటునుంచి అటే పోస్టు చేద్దామని పెన్నుతో సహా తెచ్చుకున్నారట, కాలవగాలికి వచ్చిన పెద్దమనిషి. నేను గుర్రుగా చూశాను. ఆయన నావైపు చూడకుండా, దాన్ని ఇంకో మడత పెట్టి, అద్దం సందులో దోపారు. చప్పుడు ఆగిపోయింది. బండారులంక దాటాక, "ఆ ముసలాయన్ని ఒకసారి భోజనానికి పిలవ్వే. ఆ పాట విని చాలా కాలవైఁంది" అన్నారు. తాతగారు వచ్చారు, పాడారు, మా అమ్మ వడ్డించిన గారెల్ని కూడా ఆరున్నొకటి అనే తిన్నారు.

ఇప్పుడు తాతగారు లేరు, టీచరమ్మగారూ లేరు, కళ్ళజోడు జారేలా నవ్వే నాన్నగారూ లేరు. గూళ్ళని ఇప్పుడు ఆకాశంలోంచి ఫోటోలు తీసి లెక్కపెడుతున్నారు. నేను జుట్టుకి రంగు వేసుకుని, పెద్ద పెద్ద సమావేశాల్లో ప్రకృతి పెట్టుబడి మీద మాట్లాడుతున్నాను. మొన్న ఒక సభలో నన్ను పరిచయం చెయ్యడానికి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో, మొహం నిండా ఆత్మవిశ్వాసం. "మేడమ్, మీరు ఇప్పటిదాకా ఎక్కడెక్కడ పనిచేశారో వరసగా చెప్తారా? మీరు చెప్పింది చెప్పినట్టు టైప్ చేసేస్తాను" అంది. నేను వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాను.

"లాభం" అన్నాను.

ఆ అమ్మాయి టకటకా కొట్టేసి, తలెత్తి, "లాభం... అది ఎక్కడ ఉంది మేడమ్?" అంది.

"అమలాపురంలో అమ్మా" అన్నాను. "కొబ్బరికొట్టు మేడమీద."